ఆరు దేశాల కరచాలనం

తుంబాన్ నది మీద వంతెన పూర్తయిన రోజు నుంచి ఆ నదిని దాటడం ఎవరి తరమూ కాలేదు.

అంతకు ముందు పడవ ఉండేది. ఈవలి ఒడ్డు తామ్రదేశం, ఆవలి ఒడ్డు చందనదేశం. పేరుకు రెండు దేశాలేగాని, పొయ్యి మీద అన్నం పడేసి ఆవలి ఒడ్డుకెళ్లి నాలుగు వంకాయలు తెచ్చుకునేసరికి ఆ అన్నం వార్పుకొచ్చేది. పడవవాడు ఎవరినీ పాస్‌పోర్టు అడిగేవాడు కాదు. "ఈతొచ్చా?" అని మాత్రం అడిగేవాడు, అదీ నది పొంగినప్పుడు. వంతెన లేచాక, వంతెన ఉండగా పడవెందుకని పడవ రద్దు చేశారు. ప్రారంభోత్సవం కాకుండా ఎవరూ కాలు పెట్టకూడదని వంతెనకు గేటు వేశారు. ఆ ప్రారంభోత్సవం జరగాలంటే ఇరుగుపొరుగు దేశాల ఆర్థిక సహకార సమాఖ్యలో ఉన్న ఆరు దేశాల వాణిజ్య మంత్రులకూ ఒకే రోజు తీరిక దొరకాలి. ఒకరికి కుదిరితే ఇంకొకరికి కుదరక, కొత్త వంతెన రెయిలింగుకు అప్పుడే తుప్పు పట్టడం మొదలైంది.

ఈ సహకారం వల్ల ఎక్కువ నష్టపోయింది అసిరమ్మ. ఆవిడ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఈ నది ఒడ్డున బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశారు. ఆవిడ ఆ మిల్లు కూలీలకు మెస్ నడిపి, ఒక్క కూతురు పైడమ్మను పెంచి, ఆవలి ఒడ్డున మిల్లు మెకానిక్కుగా పనిచేసే తవిటయ్యకిచ్చి పెళ్లి చేసింది. పోయినేడాది పైడమ్మకు తొలి కాన్పు. అమ్మను చూడాలని ఒకటే కలవరించిందట. ఆ పూట గాలివాన, పడవ కదల్లేదు. అసిరమ్మ చేరేసరికి బిడ్డ దక్కలేదు. పైడమ్మ ఏడవలేదు, తల్లి వైపు తిరిగి చూడనూ లేదు. "నువ్వు పక్కనుంటే నాకు ధైర్యంగుండును" అని మాత్రం గోడతో చెప్పినట్టు చెప్పింది. ఆ మాట అసిరమ్మ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఈసారి ఆకాశం విరిగి మీదపడ్డా కూతురి పక్కన ఉంటానని ఒట్టేసుకుంది. ఇప్పుడు పైడమ్మకు మళ్లీ నెలలు నిండాయి. పుట్టింటికి తెచ్చుకుందామంటే పడవ లేదు. తానే వెళదామంటే వంతెన లేదు. ఉన్నదిగాని, ప్రారంభం కాలేదు.

సమాఖ్య తాత్కాలిక కార్యాలయం వంతెన మొగలోనే ఉంది. అక్కడ ప్రోటోకాల్ ముఖ్యాధికారి సుథారో అనే ఆయన కూర్చునేవాడు. ఆయన ఏ దేశానికీ చెందడు, సమాఖ్యకే చెందుతాడు. అసిరమ్మకు రెండు ఒడ్ల భాషలూ వచ్చు. ఆయన భాష మాత్రం ఏ ఒడ్డుదీ కాదు.

"అమ్మా, మీరు చూస్తున్నది రెండు ఒడ్లను. సమాఖ్య చూస్తున్నది ఆరు దేశాలను," అన్నాడాయన. "ఈ వారధి ప్రాంతీయ సమైక్యతకు ప్రతీక. ప్రతీక మీద ముందుగా మనుషులు నడిస్తే ప్రతీకాత్మకత దెబ్బతింటుంది."

"నానొక్కదాన్నే బాబూ. చెప్పులు చేత్తో పట్టుకుని పోతాను."

"కాన్పు తేదీని ప్రారంభోత్సవ తేదీతో సమన్వయపరచుకొనే అవకాశాన్ని పరిశీలించవలసినదిగా మీ అమ్మాయిని కోరండి."

"కడుపులో బిడ్డకి మీ తేదీ ఎలాగ తెలుస్తాది బాబూ?"

సుథారో ఆలోచించాడు. "అది సమాచార వినిమయానికి సంబంధించిన అంశం. వేరే ఉపసంఘం ఉంది," అన్నాడు.

అసిరమ్మ వాదన పెట్టుకోలేదు. అధికారితో వాదించడం కంటే ఆయనకు అన్నం పెట్టడం మేలని ఆవిడ అనుభవం. ప్రారంభోత్సవం నాటి వంట ఎవరికీ ఒప్పగించలేదని విని, ఆ పని తాను పట్టింది. గేటు తెరిచిన క్షణంలో గేటు దగ్గరే ఉండాలన్నది ఆవిడ ఎత్తు.

చివరికి ఆరుగురికీ ఒక రోజు కుదిరింది. వంతెన మొదట్లో వేదిక, వేదిక వెనక వంటల పందిరి, ముందు బాజాల వాళ్లు, ఎండలో చెమటలు కక్కుతున్న జనం. వంతెనకు అడ్డంగా పట్టు రిబ్బను కట్టారు. తామ్రదేశం, చందనదేశం, లవంగద్వీపం, ముత్యాలదీవులు, గజసీమ, వెదురునాడు, ఈ ఆరు దేశాల మంత్రులూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని వేదికెక్కారు. తాలింపు వేస్తూనే అసిరమ్మ గరిటె పట్టుకుని పందిరి అంచున నిలబడి చూసింది.

సమాఖ్య ఏ పని మొదలుపెట్టినా హస్తసంగమం చెయ్యడం ఆనవాయితీ. అందరూ వరసగా నిలబడి, చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, కుడిచేత్తో ఎడమపక్క వాణ్ణి, ఎడమచేత్తో కుడిపక్క వాణ్ణి పట్టుకోవాలి. అప్పుడు ఫోటో తీస్తారు. పెద్దమనుషులు ఒప్పులకుప్ప ఆడబోతున్నారేమో అనుకుంది అసిరమ్మ.

ఈ హస్తసంగమానికి ఆ ఏడాదే కొత్త నిబంధన వచ్చింది. దానికో కథ ఉంది. పోయిన సమావేశంలో ఫోటో తీస్తుండగా లవంగద్వీపం మంత్రిగారికి చెవిలో దురద పుట్టింది. పాపం, చెయ్యి వదిలి గోక్కున్నాడు. మర్నాడు పత్రికలన్నీ "సహకారం నుంచి చెయ్యి వెనక్కి లాక్కున్న లవంగద్వీపం" అని రాశాయి. లవంగాల ధర పడిపోయింది. ముత్యాలదీవులు తమ రాయబారిని వెనక్కి పిలిపించాయి. ఆ దురద వల్ల రేగిన మంట ఆరడానికి ఆర్నెల్లు పట్టింది. ఇలాంటిది మళ్లీ జరగకూడదని ఆరు దేశాలూ కలిసి ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసుకున్నాయి. కలిపిన చేతిని ఏ సభ్యదేశమూ తనంతట తాను వదలరాదు. అందరి ఏకాభిప్రాయంతో, ఒకేసారి వదలాలి. వదులుదామన్న ప్రతిపాదన మాత్రం ఎవరో ఒక సభ్యదేశమే తేవాలి.

తీర్మానం రాసినప్పుడు అందరికీ బాగానే కనిపించింది. తీరా అమలులోకి వచ్చేది ఈ రోజే.

మంత్రులు చేతులు కలిపారు. ఫోటోలు తీశారు. జనం ఈలలు వేశారు. బాజాలు మోగి ఆగిపోయాయి. మంత్రులు నవ్వుతూ నిలబడ్డారు. ఇంకాసేపు నవ్వారు. ఎవరి నవ్వు వారికి బరువెక్కుతున్నట్టు అసిరమ్మకు పందిట్లోంచే తెలిసింది.

సుథారో మైకులో గొంతు సవరించుకున్నాడు. "కరవిమోచనకు సంబంధించి ఏ సభ్యదేశమైనా ప్రతిపాదన చేయదలచినచో చేయవచ్చును."

ఎవరూ నోరు మెదపలేదు. వదులుదామని ముందుగా అన్నవాడు ముందుగా వదలాలనుకున్నవాడవుతాడు. లవంగద్వీపం గతి ఏమయిందో అందరికీ గుర్తే. అందులోనూ లవంగద్వీపం మంత్రి అందరికంటే గట్టిగా పట్టుకున్నాడు, నిప్పులో చెయ్యి పెట్టినా వదలనన్నంత గట్టిగా.

"పోనీ ఒక దేశం ఇంకో దేశాన్ని వదలమని కోరవచ్చా?" అని గజసీమ మంత్రి నెమ్మదిగా అడిగాడు.

"సభ్యదేశపు చెయ్యి ఆ దేశపు అంతర్గత వ్యవహారం. అందులో జోక్యం సమాఖ్య మూలసూత్రాలకు విరుద్ధం," అన్నాడు సుథారో విచారంగా.

రిబ్బను కత్తిరించాలి. పళ్లెంలో కత్తెర ఉంది. పట్టుకోవడానికి చెయ్యి కావాలి. వరసకు రెండు చివర్లా ఉన్న వెదురునాడుకూ గజసీమకూ చెరో చెయ్యి ఖాళీగానే ఉంది. అయితే ఆ ఇద్దరూ కత్తిరిస్తే మిగతా నాలుగు దేశాలూ కత్తిరించనట్టవుతుంది. సమానత్వం దెబ్బతినకుండా ఆ ఇద్దరినీ ఖాళీ చేతులు వీపు వెనక పెట్టుకొమ్మన్నారు. జనం కాసేపు చూసి, ఎండకు తాళలేక చెట్ల కిందికి జరిగారు.

అసిరమ్మ గరిటె కింద పెట్టి గేటు వైపు చూసింది. గేటుకు తాళం అలాగే ఉంది. రిబ్బను తెగితేగాని తాళం తియ్యరు. చేతులు విడిపోతేగాని రిబ్బను తెగదు. వంతెన అవతల, చందనదేశం వైపు, చిన్న చిన్న మనుషులు తిరగడం కనిపిస్తోంది. అందులో తవిటయ్య ఉన్నాడేమో.

భోజనాల వేళయింది. ఆహారం విషయంలో సమాఖ్యకు స్పష్టమైన విధానం ఉంది. అందరూ ఒకేసారి తినాలి, ఎవరూ ఆకలితో ఉండకూడదు. చేతులు లేకుండా ఎలా తినాలన్నది మాత్రం రాసుకోలేదు. చెంచాతో తినిపిద్దామన్నారు. ఏ దేశపు చెంచా అన్న దగ్గర ఆగింది. ఆ మాటా ఈ మాటా నడుస్తుంటే అసిరమ్మ పెద్ద పళ్లెంలో అన్నం, కందిపప్పు, నెత్తళ్ల ఇగురు వేసి వేదికెక్కింది.

"తప్పుకోండి బాబూ, అన్నం చల్లారిపోతంది," అని సుథారోను మోచేత్తో పక్కకు జరిపి, అన్నం కలిపి, ముద్ద చేసి, వెదురునాడు మంత్రి నోటి దగ్గర పెట్టింది. "ఆ అను."

వెదురునాడు మంత్రి సైన్యంలో పనిచేసిన మనిషి, పెద్ద మీసం. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, ఆ అన్నాడు.

అలా వరసలో ఆరు దేశాలకూ గోరుముద్దలు తినిపించింది. ఒకరికి పెద్ద ముద్ద, ఒకరికి చిన్న ముద్ద వెళ్లకూడదని సుథారో వెంటే నడుస్తూ కళ్లతో కొలుచుకున్నాడు. ముత్యాలదీవుల మంత్రి ముళ్లు తీసి పెట్టమన్నాడు. ఆయనకు తీస్తే అందరికీ తియ్యాలి, అందరికీ తీసింది. చందనదేశం మంత్రికి మాత్రం నాలుగు ముద్దలు తిన్నాక కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారం ఎక్కువైనాదా బాబూ?"

"కాదమ్మా. మా అమ్మ పోయాక నా నోట్లో ఎవరూ ముద్ద పెట్టలేదు."

అసిరమ్మకు ఆయన మీద జాలి కలిగింది. ఇంత మంచివాడు చెయ్యి వదలలేకపోవడమేమిటని కోపం కూడా కలిగింది. మూతి తుడిచి తర్వాతి దేశానికి వెళ్లింది.

మధ్యాహ్నానికి సమాఖ్య చేతులు ముడుచుకు కూర్చోలేదు. కూర్చునే వీలు లేకపోయినా ఒక నిర్ణయం తీసుకుంది. చేతులు వదిలే మార్గం సూచించడానికి ఒక్కో దేశం నుంచి వచ్చిన అధికారులందరితోనూ కరవిమోచన కార్యదళం ఏర్పాటయింది. కార్యదళం పక్క గుడారంలో సమావేశమైంది. ఏ సమావేశమైనా హస్తసంగమంతో మొదలుపెట్టాలన్నది ఆనవాయితీ కదా, వాళ్లూ మొదలుపెట్టారు. కాసేపయ్యాక గుడారంలోంచి సన్నగా కేకలు వినిపించాయి. వాళ్లకూ ఆకలేస్తోంది.

అసిరమ్మ మళ్లీ అన్నం కలిపింది.

ఎండ కాస్త వాలేసరికి తామ్రదేశం మంత్రి, అంటే అసిరమ్మ సొంత దేశం మంత్రి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారడం మొదలుపెట్టాడు. ఆయన మిగతావారికంటే రెండు గ్లాసులు చారు ఎక్కువ తాగాడు. సుథారో చూడకుండా పోసింది అసిరమ్మే, మన దేశం వాడు కదా అని. ఆయన ఆవిణ్ణి కళ్లతో పిలిచి గొణిగాడు. "అమ్మా, ఇంక నావల్ల కాదు. అర్జంటు."

సుథారో నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఆయన ముఖంలో ఆ రోజు మొదటిసారి వెలుగు కనిపించింది. "ఉంది! తాత్కాలిక హస్తం! అనివార్య పరిస్థితిలో అదే దేశపు పౌరుడు ముందుగా చెయ్యి అందించి, సహకారంలో ఖాళీ ఏర్పడకుండా, సదరు స్థానాన్ని స్వీకరించవచ్చును."

తామ్రదేశం అధికారులందరూ గుడారంలో చేతులు కలిపి ఉన్నారు. గేటు కాపలావాడు గేటు వదలకూడదు. వేదిక మీద మిగిలిన తామ్రదేశం పౌరురాలు అసిరమ్మే. చేతులు కడుక్కుని రమ్మన్నారు. మంత్రి చెయ్యి జారుతుండగానే ఆవిడ చెయ్యి దూరింది. మంత్రి వేదిక దిగి పరుగెత్తాడు. అసిరమ్మ ఎడమపక్క లవంగద్వీపం, కుడిపక్క చందనదేశం. ఆవిడ అప్పటి నుంచి తామ్రదేశం.

దేశం కావడం అంటే ఏమిటో ఆవిడకు వెంటనే తెలిసొచ్చింది. "అమ్మో నడుం," అంది. పక్కనున్న లేఖకుడు రాసుకున్నాడు: నడుము పరిస్థితిపై తామ్రదేశం తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. దాని మీద లవంగద్వీపం సానుభూతి తెలిపింది. గజసీమ తన నడుము కూడా ఇందులో చేర్చాలని కోరింది. నడుముల మీద ఒక ఉమ్మడి ప్రకటన తయారవుతుండగా, తామ్రదేశం మంత్రి మరుగుదొడ్డి లోంచి బయటికి వచ్చి, చేతులు రెండూ గాల్లో ఊపి చూసుకుని, సంతోషంతో ఒక అరటిపండు వలుచుకుని, కారెక్కి నిద్రపోయాడు. లేపబోయిన డ్రైవరుతో, "నా చెయ్యికి ప్రాతినిధ్యం ఉంది కదా," అన్నాడట.

అప్పుడు అసిరమ్మ బొడ్లో ఫోను మోగింది. తీయడానికి చెయ్యి లేదు. సుథారో మొహమాటపడి, ఇబ్బంది పడి, చివరికి రెండు వేళ్లతో ఫోను బయటికి లాగి మీట నొక్కాడు. గొంతు పైకి వినబడేలా పెట్టి మైకు ముందు పట్టుకున్నాడు, ఎందుకంటే ఒక దేశానికి వచ్చిన సందేశాన్ని మిగతా దేశాలకు దాచకూడదు.

"అత్తా!" తవిటయ్య గొంతు నది ఒడ్డంతా మోగింది. "పైడికి నొప్పులొచ్చీసినాయి. ఆస్పత్రిలో చేర్పించినాను. బిడ్డ అడ్డం తిరిగినాదంటన్నారు. దానికి దడుపు పట్టుకున్నాది అత్తా, ఊపిరాడతం లేదు, డాక్టరమ్మ మాట వినతం లేదు. అమ్మొచ్చినాదా అమ్మొచ్చినాదా అని ఒకటే అడుగుతంది. ఏటి సెప్పమంటావు?"

వేదిక మీద అందరూ వేరే వైపు చూశారు. కారం తగలని కళ్లు కూడా చెమ్మగిల్లాయి. చెట్ల కిందున్న జనం లేచి నిలబడ్డారు.

"వొచ్చీసినాదని సెప్పు," అంది అసిరమ్మ. "దార్లో ఉన్నాదని సెప్పు బాబూ."

ఫోను ఆగింది. అసిరమ్మ చేతులు లాక్కోబోయింది. రెండు వైపులా పట్టు బిగిసింది.

"బాబూ, ఇందాక విన్నారు కదా. ఒదిలీండి. నాను పోవాల."

"అమ్మా, మీరు వదిలితే తామ్రదేశం వదిలినట్టే," అన్నాడు సుథారో.

"నాను తామ్రదేశం కాను బాబూ, వంటమనిషిని."

"పది నిమిషాల కిందట నడుము గురించి మాట్లాడినప్పుడు దేశమే. ఇప్పుడు కాదంటే నమోదైన ప్రకటనకు విరుద్ధం."

అసిరమ్మ చందనదేశం మంత్రి వైపు తిరిగింది. "నీ నోట్లో ముద్ద పెట్టినాను కదా నాయనా."

ఆయన తలవంచుకున్నాడు. "నా మనసు వదిలేసిందమ్మా. చెయ్యి వదలట్లేదు. నేను వదిలితే రేపు మా దేశంలో నాకు కుర్చీ ఉండదు."

లవంగద్వీపాన్ని అడగనే లేదు. ఆయన కళ్లు మూసుకుని, చెవులెర్రబడి, ఎప్పటిదో దురద ఇప్పుడే పుట్టినట్టు వణుకుతూ నిలబడ్డాడు.

పోయినేడాది గోడ వైపు తిరిగిన కూతురి ముఖం అసిరమ్మకు కళ్ల ముందు మెదిలింది. ఆనాడు గాలివాన. దేవుణ్ణి తిట్టుకుని ఊరుకుంది. ఈ రోజు గాలీ లేదు, వానా లేదు. నది నిద్రపోతున్నట్టుంది. వంతెన తారు కూడా ఇంకా కొత్త వాసన వేస్తోంది. ఆవిడకు దుఃఖం పోయి ఒళ్లు మండిపోయింది.

"అయితే ఒదలొద్దు," అంది. "రండి."

అని వేదిక మెట్లు దిగింది.

ఒక చేతికి లవంగద్వీపం, ఇంకో చేతికి చందనదేశం. వాళ్లు కదలక తప్పలేదు. వాళ్లను పట్టుకున్న వాళ్లూ కదలక తప్పలేదు. వరస మధ్యలోంచి ముందుకు సాగి, కొంగల బారులా రెండు రెక్కలై ఆవిడ వెనక నడిచింది. బస్తాలు మోసిన వంశం. ముత్యాలదీవుల మంత్రి మొదటి మెట్టు మీద తడబడ్డాడు, లాక్కుపోయింది. వెదురునాడు మంత్రి పాత సైనికుడు కనక అలవాటు కొద్దీ అడుగు కలిపాడు.

సుథారో పక్కన పరుగెత్తుతూ పుస్తకం తిరగేశాడు. "చేతులు కలిపి నడవరాదని ఎక్కడా లేదు," అని ఆయాసపడుతూ మైకువాడికి చెప్పాడు. మైకువాడు ప్రకటించాడు: "సమాఖ్య ముందడుగు వేసింది! సంయుక్త పురోగమనం!" బాజాల వాళ్లు ఉలిక్కిపడి మోగించారు. ఫోటోల వాళ్లు వెనక్కి నడుస్తూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

గేటు దగ్గర కాపలావాడు ఆరు దేశాలను చూసి తుపాకీ సర్దుకున్నాడు. "పాస్‌పోర్టు?" అని అసిరమ్మనే అడిగాడు, ముందున్నది ఆవిడే కాబట్టి.

"చేతులు ఖాళీ లేవు బాబూ," అంది.

వాడు వెనకనున్న ముఖాలను చూశాడు. ఐదు దేశాల మంత్రుల్ని ఆపితే ఏమవుతుందో, ఆపకపోతే ఏమవుతుందో లెక్కేసి, తాళం తీసి, ఎందుకైనా మంచిదని సెల్యూట్ కొట్టాడు. పట్టు రిబ్బను అసిరమ్మ రొమ్ముకు తగిలి, ఒక్క క్షణం బిగిసి, పుటుక్కున తెగింది. వంతెన అలా ప్రారంభమైంది.

వెనక చెట్ల కింద నుంచి జనం ఒక్కొక్కరే లేచి, మంత్రుల వెంట వంతెనెక్కారు. పడవ పోయినప్పటి నుంచి అత్తగారింట్లో చిక్కుకుపోయిన ఒకావిడ, కోళ్ల గంప నెత్తిన పెట్టుకున్న ఒకాయన, ఎందుకు వెళ్తున్నారో తెలియకపోయినా మళ్లీ ఎప్పుడు తెరుస్తారో అని వెళ్లేవాళ్లు. అసిరమ్మ వెనక్కి చూడలేదు. చెమటకు చేతులు జారుతున్నా, రెండు దేశాలూ ప్రాణాలు పట్టుకున్నట్టు పట్టుకునే ఉన్నాయి.

అవతలి గేటు దగ్గర చందనదేశం సుంకం అధికారి చిన్న బల్ల వేసుకుని కూర్చున్నాడు. "కాలినడకన వచ్చేవారు ఎడమ వరసలో..." అని మొదలుపెట్టి తలెత్తాడు. తన సొంత మంత్రి చెప్పులు జారిపోయి, చొక్కా చెమటకు తడిసి, ఒక వంటమనిషి వెనక ఈడ్చుకు వస్తున్నాడు.

"అయ్యా, తమరు... దిగుమతా, ఎగుమతా?"

"తలుపు తియ్యరా!" అన్నాడు మంత్రి. ఆ రోజంతటిలో సమాఖ్య నుంచి వచ్చిన సూటి ఆజ్ఞ అదొక్కటే.

తలుపు తెరుచుకుంది. బజారులో కూరగాయల వాళ్లు గంపలు లాక్కుని దారిచ్చారు. తవిటయ్య ఆస్పత్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అత్తగారిని చూసి పరుగెత్తుకొచ్చి, ఆవిడ వెనకున్న గుంపును చూసి ఆగిపోయాడు.

"ఎవులు అత్తా వీళ్లందరూ?"

"తరవాత సెప్తాను. అదెక్కడ?"

కాన్పుల గది ముందు ఒక నర్సు తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆవిడకు మంత్రులు తెలియరు, తెలిసినా ఆ పూట ఆవిడకు అక్కర్లేదు. "కాన్పు మనిషి తరఫున ఒక్కరే లోపలికి. మిగతావాళ్లు బయట బెంచీ మీద."

లోపల్నించి పైడమ్మ గొంతు వచ్చింది. మాట కాదు, ఊపిరి అందని కేక.

అసిరమ్మ ఆగింది. వెనక్కి తిరిగి, తన చేతులు పట్టుకున్న ఇద్దరి ముఖాల్లోకీ చూసింది. అరవలేదు, ఏడవలేదు. మెస్సులో అన్నం అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది.

"నా సేతులు నాకు గావాల."

సుథారో ఆయాసపడుతూ అప్పుడే చేరుకున్నాడు. పుస్తకం తెరవబోయాడు. తెరవకముందే అసిరమ్మ రెండు చేతులూ ఒక్క గుంజు గుంజింది. పొద్దుటి నుంచి ఆరు దేశాలు కాపాడిన పట్టు తడిసిన సబ్బులా జారిపోయింది.

ఏమీ కాలేదు. లవంగాల ధర ఆ క్షణంలో పడిందో లేదో తెలియదుగాని, ఆస్పత్రి పైకప్పు కూలలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. నర్సు తలుపు తీసింది, అసిరమ్మ లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. లవంగద్వీపం ఎడమచెయ్యి, చందనదేశం కుడిచెయ్యి మాత్రం గాల్లో అలాగే ఉండిపోయాయి. రెండు దేశాలూ ఆ ఖాళీ చేతుల వంక భయంగా చూసుకున్నాయి. ఒక్క నిమిషం ఎవరికి వారు తమ చెయ్యిని జేబులో పెట్టుకోవచ్చు, ముఖం తుడుచుకోవచ్చు, ఇంటికి పోవచ్చు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, రెండు చేతులూ తడుముకుని, ఖాళీ మీదుగా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. సుథారో ఊపిరి పీల్చుకున్నాడు. తామ్రదేశం స్థానం తాత్కాలికంగా ఖాళీ అని రాసుకున్నాడు.

గదిలో అసిరమ్మ కూతురి తల రెండు చేతుల్తోనూ పట్టుకుంది. "నానే తల్లీ. వొచ్చీసినాను. ఇటు సూడు." పైడమ్మ చూసింది. ఈసారి గోడ వైపు తిరగలేదు. తల్లి చేతుల్ని పట్టుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి తీసింది, వదిలింది, మళ్లీ తీసింది. ఎంతసేపైందో ఎవరూ చూసుకోలేదు. బిడ్డను తిప్పడానికి డాక్టరమ్మ పడని పాట్లు లేవు, పైడమ్మ తిట్టని తిట్టు లేదు. ఆ తిట్లలో ఎక్కువ భాగం తవిటయ్యకు, మిగిలినవి వంతెనకు వెళ్లాయి. ఆఖరికి ఒక్కసారి గది నిశ్శబ్దమైపోయింది. తర్వాత, సన్నగా, కోపంగా, కొత్త మనిషి ఏడుపు.

ఆడపిల్ల. నర్సు గుడ్డలో చుట్టి ఇచ్చింది. అసిరమ్మ రెండు చేతులూ చాపి తీసుకుంది. ఏడ్చేసింది, దాచుకోలేదు.

బయట వరండాలో ఆ ఏడుపు అందరికీ వినిపించింది. తవిటయ్య బెంచీ మీద కూలబడి తల బాదుకుంటూ నవ్వాడు. వెంటవచ్చిన జనం తలుపు దాకా తోసుకొచ్చారు. మంత్రుల కళ్లు మెరిశాయి. ఆ క్షణాన ఐదు దేశాలకూ ఏ ప్రతిపాదనా లేకుండా, ఏ ఉపసంఘమూ లేకుండా, నిజంగానే ఏకాభిప్రాయం కుదిరింది. అందరికీ చప్పట్లు కొట్టాలనిపించింది.

ఎవరూ కొట్టలేదు. మధ్యనున్న వారికి ఖాళీ చెయ్యే లేదు. రెండు చివర్లా ఉన్న ఇద్దరూ వీపు వెనక నుంచి చెరో చెయ్యీ తీసి పైకెత్తారు. ఎత్తి, ఒకరినొకరు దూరం నుంచి చూసుకుని, ఏం చెయ్యాలో తోచక మళ్లీ వెనక్కి పెట్టేసుకున్నారు. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు కదా.